పాత ట్రాక్టరు ఎంపికలో హిచ్‌దే పెత్తనం

పాత ట్రాక్టరు కొనాలనుకున్నాక నేను ఇంజను కంటే ముందు వెనక భాగమే, అంటే పనిముట్లు తగిలించే హిచ్‌నే చూశాను. ఇంజను విడిభాగాలు ఎలాగో సంపాదించుకోవచ్చు. నాగలి తగలని ట్రాక్టరును ఏం చేసుకోను?

చివరికి మూడు మిగిలాయి: అలిస్ చామర్స్ డబ్ల్యూడీ45, ఫార్మాల్ సూపర్ సి, ఫెర్గూసన్ టీఈ20.

అలిస్‌ది స్నాప్ కప్లర్. ట్రాక్టరు పొట్ట కింద, వెనక ఇరుసుకు ముందు గంట ఆకారంలో గరాటా ఉంటుంది. వెనక్కి నడిపితే నాగలి ఇనుప దండం అందులోకి జారి టక్కున కొక్కెం పడుతుంది. ఆ చప్పుడు వింటే ముచ్చటేసింది. ఫార్మాల్ ఫాస్ట్ హిచ్‌లోనూ అదే సుఖం: వెనక రెండు సాకెట్లలోకి పనిముట్టు కొమ్ములు దూరుతాయి, సీటు దిగే పని లేదు. కానీ ఆ దండం, ఆ కొమ్ములు ఉన్న పనిముట్లు వాటికోసమే చేసినవి. నా దగ్గరున్న రెండు కర్రుల నాగలి వీటిలో దేనికీ తగలదు.

ఫెర్గూసన్‌ది మూడు చోట్ల తగిలించే హిచ్: కింద రెండు ఆర్మ్‌లు, పైన మధ్యలో టాప్ లింకు అనే కడ్డీ. దీనికి సీటు దిగక తప్పదు. ముందు ఎడమ ఆర్మ్, తరువాత కుడిది (ఎత్తు సరిచేసే మర అటువైపే ఉంటుంది), చివర టాప్ లింకు. విప్పేటప్పుడు ఇదే క్రమం తిరగేయాలి. కాస్త చాకిరే, ఒప్పుకుంటాను. అయితే దుక్కిలో దాని పనితనం తెలిసింది. కర్రు లోతుకు దిగి నేల బిగిస్తే నాగలి టాప్ లింకును ముందుకు నెడుతుంది. దాని వెనకున్న స్ప్రింగు నొక్కుకుని హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది, నాగలి రవ్వంత లేస్తుంది. ఆ బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. అలిస్‌లో ట్రాక్షన్ బూస్టరుదీ దాదాపు ఇదే ఆలోచన. తేడా ఏమిటంటే, హ్యారీ ఫెర్గూసన్ పద్ధతి 1939లో ఫోర్డ్ 9ఎన్‌తో పెద్ద ఎత్తున పొలాలకు చేరి, తరువాత అందరి ప్రమాణమైంది.

అందుకే టీఈ20 తీసుకున్నాను. నాగలి రంధ్రాలు కొలిస్తే కింద 1⅛ అంగుళాలు, పైన 1 అంగుళం, అంటే హిచ్ కొలతల వర్గాల్లో పెద్దదైన కేటగిరీ 2. ట్రాక్టరుదేమో కేటగిరీ 1: కింది పిన్ను ⅞, టాప్ లింకు పిన్ను ¾. బుష్‌లు (రంధ్రంలో పెట్టే గొట్టపు ముక్కలు) వేస్తే రంధ్రాల వదులు తీరింది. కేటగిరీ 2లో కింది పిన్నుల మధ్య దూరం కూడా ఎక్కువే కాబట్టి, వాటిని కొత్తగా చేయించి లోపలికి జరిపాను. ఆర్మ్‌లు పక్కకు ఊగకుండా చెక్ చెయిన్లు బిగించాకే పొలంలోకి దించాను.