గోడ మీంచి కాన్వాస్ మీదికి: నా అనుభవం

పదకొండేళ్లుగా గోడల మీద బొమ్మలు వేస్తున్నాను. మొదటి అయిదారేళ్లు ఎవరినీ అడక్కుండా, రాత్రిపూట. తర్వాత అడిగి, పగటిపూట. అందుకని ఒక గ్యాలరీ క్యూరేటర్ ఫోన్ చేసి "మీ పని చూడాలండీ" అన్నప్పుడు పెద్దగా కంగారు పడలేదు. గోడ బదులు గుడ్డ, అంతేగా అనుకున్నాను. ఆ "అంతేగా" దాటడానికి రెండేళ్లు పట్టింది. ఈ మధ్య కొత్తగా స్ప్రే డబ్బా పట్టుకున్న కుర్రాళ్లు "గ్యాలరీకి ఎలా వెళ్లావన్నా" అని అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా తప్పులతో సహా.

మొదట ఆవిడకి నలభై ఫోటోలు పంపాను. అన్నీ నాకు బాగా పేరు తెచ్చిన గోడలే. చూసి ఒకటే అడిగారు: "ఇవి వీధుల ఫోటోలు. మీ బొమ్మలేవి?" ఒళ్లు మండింది. వారం తర్వాత అవే ఫోటోలు మళ్లీ తీసి చూసుకుంటే ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదనిపించింది. ఒక దాంట్లో కరెంటు స్తంభం నీడ సరిగ్గా నా బొమ్మ మెడ మీద పడింది. ఇంకోదాంట్లో పెచ్చులూడిన ఇటుకలే ముసలాయన ముఖంలో ముడతలైపోయాయి. జనం మెచ్చుకున్నవాటిలో సగం పని గోడే చేసింది. గోడ తీసేస్తే నా దగ్గర మిగిలేది ఎంత?

దానికి నాకు తోచిన ఉపాయం గోడనే లోపలికి మోసుకుపోవడం. కాన్వాసుకి పుట్టీ పట్టించి, ఆరాక పగలగొట్టి, మసి రుద్ది, చిరిగిన పోస్టర్ ముక్కలు అంటించి నాలుగు తయారు చేశాను. అచ్చం పాత గోడలాగే ఉన్నాయని మురిసిపోయాను కూడా. ఆవిడ వచ్చి రెండు నిమిషాలు నిలబడి "నాటకం సెట్టింగులా ఉందండీ" అన్నారు. ఆ నాలుగూ ఇప్పటికీ అటక మీదున్నాయి.

ఇక గుడ్డ మీద స్ప్రే సంగతి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ డబ్బు తగలేసింది ఇందులోనే. గోడ గట్టిగా ఉంటుంది, స్టెన్సిల్ (బొమ్మ ఆకారం కోసిన అట్ట) అదిమితే అదుముకుంటుంది. ఫ్రేముకి బిగించిన కాన్వాస్ అదిమితే లోపలికి జారుతుంది. స్టెన్సిల్ అంచు కింద సందు పడి, ఆ సందులోంచి రంగు పొగలా పాకుతుంది. వెనకాల సరిగ్గా పట్టే చెక్క పలక పెట్టి వేస్తే ఆ బాధ ఉండదని ఆరు కాన్వాసులు పాడయ్యాక తెలిసింది. పైగా ఉత్త గుడ్డ రంగును పీల్చేస్తుంది. జెస్సో (రంగు కంటే ముందు గుడ్డకి వేసే తెల్ల పూత) రెండు మూడు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య ఉప్పుకాగితంతో రుద్దితేనే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ రంగుల దగ్గర తగిలింది. నేను వాడేది నూనె జాతి ఎనామిల్ స్ప్రే. ఒక ముఖంలో కన్ను కాస్త తేడాగా ఉందని దాని మీద కుంచెతో ఆక్రిలిక్, అంటే నీళ్లతో కలిసే రంగు, దిద్దాను. అప్పటికి బాగానే ఉంది. మూడు నెలలకి ఆ కన్ను పాము కుబుసంలా లేచి వచ్చింది. నీళ్లతో కలిసే రంగు మీద ఎనామిల్ నిలుస్తుంది కానీ, ఎనామిల్ మీద నీళ్ల రంగు పట్టుకోదు. గోడ మీదైతే ఇది పట్టించుకునే పని లేదు, మూడు నెలలకి ఆ గోడ మీద ఇంకేదో పోస్టర్ ఉంటుంది. డబ్బిచ్చి కొన్నవాడి హాల్లో కన్ను ఊడిపోతే మాత్రం ఫోన్ మనకే వస్తుంది.

కొలత మార్చడం ఇంకో తలనొప్పి. ఇరవై అడుగుల బొమ్మని నాలుగు అడుగులకి కుదించి వేస్తే పోస్టుకార్డులా తయారైంది. గోడ మీద బొమ్మని రోడ్డుకి అవతలి వైపు నుంచి చూస్తారు. గ్యాలరీలో మనిషి రెండడుగుల దూరంలో నిలబడి, ముక్కు ఆనించినంత పని చేస్తాడు. నేను చెంపని వెడల్పు క్యాప్‌తో (స్ప్రే డబ్బా మూతి) ఒకే ఊపులో వేసేవాణ్ణి. దూరం నుంచి అది చెంపే. దగ్గర్నుంచి చూస్తే బూడిద రంగు పొగమంచు. అయిదారు నెలలు దీంతోనే కుస్తీ పట్టాను. చివరికి బొమ్మని కుదించడం మానేసి, గోడ మీది కొలత అలాగే ఉంచి అందులో ఒక్క ముక్కే తీసుకున్నాను. మెట్ల దగ్గర గోడ మీద వేసిన ఒకావిడ కుడి చెయ్యి, అంతే. నాలుగు అడుగుల కాన్వాస్ నిండా ఒక్క అరచెయ్యి. దగ్గరికొస్తే చుక్కలూ చారలూ, వెనక్కి జరిగితే చెయ్యి. చూసేవాళ్లు తమంతట తామే ముందుకీ వెనక్కీ నడవడం మొదలుపెట్టారు. క్యూరేటర్ మొదటిసారి "ఇది పెడదాం" అన్నది దాన్నే.

ఈలోపు పాత స్నేహితుల సతాయింపు మొదలైంది. "అమ్ముడుపోయాడు" అని నా ఎదురుగానే అన్నారు. నేనూ ఊరుకోలేదు. న్యూయార్క్ రైళ్ల మీద బొమ్మలు వేసిన లీ కినోనెస్, ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ 1979లోనే రోమ్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టారని, అదే ఊళ్లో వీధుల్లో మొదలుపెట్టిన బాస్కియా, కీత్ హేరింగ్ కూడా గ్యాలరీలకి వెళ్లినవాళ్లేనని వాదించాను. ఆ వాదన క్యూరేటర్‌కి చెబితే ఆవిడ నవ్వి మిగతా సగం కథ చెప్పారు. వాళ్లందరికీ చోటిచ్చిన న్యూయార్క్ ఫన్ గ్యాలరీ 1981లో మొదలై 1985కల్లా మూతపడింది. 1983లో సిడ్నీ జానిస్ లాంటి పేరున్న గ్యాలరీ "పోస్ట్ గ్రాఫిటీ" అని ప్రదర్శన పెట్టింది (గ్రాఫిటీ అంటే ఈ గోడల మీది రాతలూ బొమ్మలే), ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఆ మోజు తగ్గింది. "ఊపులో పిలిచినవాళ్లు ఊపు తగ్గాక ఫోన్ ఎత్తరు, మీ గోడలు మీరు మానొద్దు" అన్నారు. బొమ్మలు అమ్మే మనిషి నోటివెంట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

ఒప్పందం గురించి చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. ఈవిడ కంటే ముందు ఇంకో గ్యాలరీకి ఆరు బొమ్మలు నోటిమాట మీద ఇచ్చాను. పేరెందుకు లెండి. రెండు అమ్ముడుపోయిన సంగతి నాకు కొన్నవాళ్లు ఫోటో పెడితే తెలిసింది. అడిగితే "ఇంకా డబ్బు రాలేదు" అన్నారు. అయిదు నెలలు తిరిగాక ఇచ్చారు, అదీ కొన్నవాడికిచ్చిన డిస్కౌంట్ మొత్తం నా వాటాలోంచి కోసి. తిరిగొచ్చిన నాలుగింటిలో ఒకదాని మూల సొట్టపోయి ఉంది. గ్యాలరీ సగం తీసుకోవడం మామూలే, దాంతో నాకు గొడవ లేదు. కానీ అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బివ్వాలి, డిస్కౌంట్ ఎవరు భరించాలి, దారిలో పాడైతే ఎవరిది బాధ్యత, అమ్ముడుపోనివి ఎప్పటికి వెనక్కొస్తాయి, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. రెండోసారి నేనే రాసుకుని వెళ్లాను. ఈ క్యూరేటర్ ఒక్క లైను మార్చి సంతకం పెట్టారు: నేను నా స్టూడియోలో అమ్మినా గ్యాలరీ ధరకే అమ్మాలి. అది న్యాయమే.

సంతకం అంటే గుర్తొచ్చింది. గోడల మీద నా పేరు వేరు, బ్యాంకులో పేరు వేరు. మొదటి చెక్కు గోడ పేరు మీద రాసిచ్చారు. బ్యాంకులో ఆ అమ్మాయి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి "ఈయన్ని తీసుకురండి" అంది.

మధ్యలో ఒకాయన మెట్ల దగ్గరి గోడనే కోసి ఇమ్మన్నాడు, సొంతదారుతో తాను మాట్లాడుకుంటానని. ఒప్పుకోలేదు. ఇంగ్లండ్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ 2012లో లండన్‌లో ఒక షాపు గోడ మీద వేసిన "స్లేవ్ లేబర్"ని మరుసటి ఏడాది అలాగే కోసి అమెరికాలో మయామీ వేలంపాటకి పెట్టారు. ఆ షాపు చుట్టుపక్కల జనం గొడవ చేస్తే వెనక్కి తీశారు కానీ, తర్వాత లండన్‌లోనే అమ్మేశారు. హేరింగ్ న్యూయార్క్ సబ్‌వేలో (భూగర్భ రైలు స్టేషన్లలో) ఖాళీ ప్రకటనల చోట నల్ల కాగితాల మీద సుద్దతో వేసిన బొమ్మల్ని జనం చించుకుపోయి అమ్ముకుంటుంటే 1985లో ఆ పనే మానేశాడు. ఇటలీలో బ్లూ అనే ఆయన ఇంకా మొండివాడు. వీధి బొమ్మల్ని గోడల మీంచి ఊడదీసి ప్రదర్శనకి పెడుతున్నారని కోపమొచ్చి 2016లో బొలోన్యాలో తన బొమ్మలన్నిటి మీదా తనే బూడిద రంగు పూయించాడు. నాకంత తెగింపు లేదు. కోయనివ్వను అన్నాను, అంతవరకే.

ప్రదర్శన రోజు టెన్షన్‌తో నేను బయటే ఎక్కువసేపు నిలబడ్డాను. లోపలికెళ్తే ఒకాయన అరచెయ్యి బొమ్మ ఫ్రేము కింద తొంగి చూస్తున్నాడు, "ఇది కూడా చిరుగుతుందా" అని. 2018లో వేలంపాట అయిన మరుక్షణం ఫ్రేములో దాచిన మిషన్‌లోంచి జారి సగం చిరిగిన బ్యాంక్సీ బొమ్మ సంగతి ఆయన అంటున్నది. 10 లక్షల పౌండ్లకు పైగా పలికిన ఆ బొమ్మ చిరిగాక 2021లో 1.85 కోట్ల పౌండ్లకు పైగా పలికింది. "చిరగదండీ, ఊడితే మాత్రం నాకు ఫోన్ చేయండి" అన్నాను. పెట్టిన తొమ్మిది బొమ్మల్లో నాలుగు అమ్ముడుపోయాయి. ఎర్ర చుక్క (అమ్ముడైందని గుర్తు) అంటించిన మొదటిది ఆ అరచెయ్యే, కొన్నది ఆయనే.

నిన్న ఆయన ఒక ఫోటో పంపాడు. మెట్ల దగ్గరి గోడకి ఎవరో తెల్లగా సున్నం కొట్టేశారు. కింద ఒక ప్రశ్న: "ఇప్పుడు నా దగ్గరున్నదాని ధర పెరుగుతుందా?" ఆయనకింకా జవాబివ్వలేదు. గోడ సొంతదారుకి మాత్రం వెంటనే ఫోన్ చేశాను, సున్నం ఆరిందా అని.