కొండ లోపలి వేడినీళ్లతో అరటి గెలలు

స్విట్జర్లాండ్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా, ఒక పూట ఫ్రూటిగెన్‌కి కూడా కేటాయించుకోమంటాను. బెర్న్ నుంచి ష్పీట్స్ మీదుగా రైల్లో గంట లోపు ప్రయాణం. అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చినప్పుడు జనవరిలో వెళ్లాం, చుట్టూ ఆల్ప్స్ కొండలు, ఎటు చూసినా మంచు. అక్కడి ట్రోపెన్‌హౌస్ (వేడి దేశాల మొక్కలు పెంచే గ్రీన్‌హౌస్) లోపలికి అడుగుపెట్టగానే కళ్లజోడు మీద ఆవిరి కమ్మేసింది, తుడుచుకుని చూస్తే ఎదురుగా అరటి గెల, కింద ఊదారంగు పువ్వు వేలాడుతోంది, ఆ పక్కనే బొప్పాయి. "ఈ మంచులో అరటాకేంట్రా!" అని అమ్మ ఆకు నిమిరి చూసింది.

అసలు కథ మాత్రం అరటిది కాదు, నీళ్లది. 2007లో ఇక్కడ కొండల కింద తవ్విన 34.6 కిలోమీటర్ల లోట్ష్‌బెర్గ్ సొరంగంలో రైళ్లు మొదలయ్యాయి. అంత లోతులో రాయి వేడిగా ఉంటుంది కాబట్టి లోపల ఊరే నీరు దాదాపు 20 డిగ్రీల వేడితో, సెకనుకు సుమారు 100 లీటర్ల చొప్పున బయటికొస్తుంది. దాన్ని నేరుగా కాండర్ నదిలోకి వదిలేస్తే తూన్ సరస్సు నుంచి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వచ్చే ట్రౌట్ చేపలకు ముప్పు, వాటికి చల్లటి నీరే కావాలి. నీటిని చల్లబరచడానికి కరెంటు తగలేసే బదులు ఆ వేడినే వాడుకుందామని సొరంగం ఇంజనీర్లకు వచ్చిన ఆలోచన 2009లో ఇలా తోటగా, చేపల తొట్లుగా తయారైంది. ఇక్కడి అరటిపళ్లతో స్విస్ దిగుమతులేమీ తగ్గిపోవు, నాకు గొప్పగా అనిపించింది నది కోసం ఇంత ఆలోచించడమే.

తొట్లలో పెంచేది సైబీరియన్ స్టర్జన్ అనే చేపల్ని. దగ్గరగా చూశాను, వీపు పొడవునా గట్టి ఎముక పలకలు, మూతి కింద నాలుగు మీసాలు, నోట్లో పళ్లుండవు, అడుగున మేత వెతుక్కుంటూ నెమ్మదిగా తిరుగుతుంటాయి. కేవియర్ (తినడానికి వాడే స్టర్జన్ గుడ్లు) కావాలంటే ఏళ్ల తరబడి పెంచాలి, పైకి చూస్తే ఆడో మగో తెలియదు కాబట్టి అల్ట్రాసౌండ్‌తో చూసి వేరు చేస్తారు. చేపల వ్యర్థాలు మొక్కలకు ఎరువుగా పోతాయి.

మాది భీమవరం పక్క ఊరు, నాన్నకి చెరువులున్నాయి. ఆయన మేత గురించి, ధర గురించి అడుగుతారనుకున్నాను, కానీ గైడ్‌ని పదే పదే అడిగింది ఒకటే, "ఈ నీళ్లు చివరికి ఎటు పోతాయి?" మా దగ్గర పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకే వదులుతారు, దిగువ ఊళ్లవాళ్లు ఎంత మొత్తుకున్నా వినే దిక్కుండదు. ఇక్కడ వేడి తీసుకున్నాక, చల్లబడిన నీరే నదిలో కలుస్తుందని విని నాన్న రైలెక్కేదాకా ఆ లెక్కలే మాట్లాడారు, మా వైపు చెరువులకు కనీసం మురికి అడుక్కి దిగేదాకా నీళ్లు నిలవుంచే ఒక సెటిలింగ్ గుంట అయినా ఉండాలని నేనూ గట్టిగా అనుకుంటున్నాను.

మీరు వెళ్తే తోటలో ఫొటోలతో ఆగిపోకండి, సొరంగం నీటి సంగతి వివరించే ఎగ్జిబిషన్ ముందు చూడండి, తర్వాత చేపల దగ్గరికి వెళ్లండి.