నదీస్నానం చివర నీటికి చెప్పుకొనే క్షమాపణ

రాజమహేంద్రవరంలో గోదావరి రేవు మెట్లు దిగే పిల్లలను పెద్దవాళ్ళు చివరి మెట్టు మీద ఆపి, ముందు వంగి కాసిని నీళ్ళు తల మీద చల్లుకోమంటారు. తల్లిని కాలితో తాకబోతున్నాము కనుక ముందుగా నమస్కరించి అనుమతి అడగాలని చెబుతారు. ఆ తరువాతే సంకల్పం, ఆ తరువాతే మూడు మునకలు. నదికి వెళ్ళలేనివారు ఇంట్లో చెంబు నీళ్ళ ముందు నిలబడి ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు’ అని ఏడు నదులనూ పిలుచుకొంటారు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే.

స్నానమంత్రాలలో నన్ను ఎక్కువగా ఆపేది ఋగ్వేదంలోని ‘ఇదమాపః ప్రవహత యత్కించ దురితం మయి, యద్వాహమభిదుద్రోహ యద్వా శేప ఉతానృతమ్’ అన్న మంత్రం. ‘ఓ జలములారా, నాలో ఉన్న చెడునంతా కొట్టుకొనిపోనివ్వండి, నేను ఎవరికైనా ద్రోహం తలపెట్టి ఉన్నా, ఎవరినైనా శపించి ఉన్నా, అబద్ధమాడి ఉన్నా దానిని తీసుకొనిపోండి’ అని దీని అర్థం. పాపం అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా ఋషి మూడింటిని పేరుపెట్టి చెప్పాడు. అందులో రెండు నాలుకతో చేసేవి. ఇంటి గడప దాటకుండానే, భార్యాబిడ్డల మీదనో పనివాళ్ళ మీదనో నోరు జారి మనం రోజూ చేసే తప్పులవి. మునిగేముందు వాటిని తలచుకోవాలంటే ఎవరిని ఏమన్నామో గుర్తుకు రావలసిందే. స్నానవేళ మౌనంగా ఉండాలన్న నియమం అందుకే ఏర్పడిందని నాకు అనిపిస్తుంది.

గోదావరి పుట్టుక కథ కూడా తప్పును ఒప్పుకోవడంతోనే మొదలవుతుంది. పంట మేయబోయిన గోవును గౌతమ మహర్షి దర్భతో అదిలించగా అది పడి చనిపోయింది. అది మాయగోవు అని కథ చెబుతుంది. అయినా మహర్షి ఆ సాకు వెతుక్కోలేదు. గోహత్యాదోషం తనదేనని తలవంచి, శివుని గురించి తపస్సు చేసి, త్ర్యంబకం దగ్గరి బ్రహ్మగిరి మీదికి గంగను రప్పించుకొన్నాడు. ఆ నీరే గౌతమి అయింది. రాజమహేంద్రవరానికి ఎదుటి ఒడ్డున కొవ్వూరులోని గోష్పాద క్షేత్రం పేరులో ఆ గోవు పాదం నేటికీ నిలిచి ఉన్నది. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు వచ్చే పుష్కరాలలో, 2015 జూలై 14 నుండి 25 వరకు జరిగిన ఆ పన్నెండు రోజులలో, ఇరు గట్ల మీదా లక్షల మంది మునిగింది ఈ నీటిలోనే. మళ్ళీ 2027లో మునుగుతారు.

అయితే స్నానం మునకతో ముగియదు. ఒడ్డుకు వచ్చిన తరువాత ‘యన్మయా దూషితం తోయం’ అని మొదలయ్యే శ్లోకం చెప్పి, యక్ష్మ అనే దేవతకు తర్పణం వదలాలి. నా శరీర మలం వల్ల ఈ నీటిని నేను మలినం చేశాను, ఆ దోషం పోవడానికి ఈ తర్పణం ఇస్తున్నాను అని దాని భావం. నన్ను శుద్ధి చేయమని నదిని వేడుకొన్నవాడు, పైకి రాగానే నదిని మురికి చేసినందుకు ప్రాయశ్చిత్తం చేసుకొంటున్నాడు! ఒంటి మీది చెమటకే ఇంత సంకోచపడిన ఆచారం మనది. నీటిలో ఉమ్మరాదు, ఒళ్ళు రుద్దుకోరాదు, బట్టలు ఉతకరాదు అన్న నియమాలు ఈ సంకోచం నుండే వచ్చాయి. ఆ మెట్ల మీదనే సబ్బు ముక్కలు, షాంపూ పొట్లాలు, దీపాలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు కనబడినప్పుడు నా మనసు నిజంగా బాధపడుతుంది. సంకల్పం చెప్పించే పురోహితులు ఈ శ్లోకం కూడా తప్పక చెప్పించి, దాని అర్థం ఒక్క వాక్యంలోనైనా వివరించాలని చేతులు జోడించి కోరుకొంటున్నాను.

చివరగా తడిబట్టను పిండడం ఉన్నది. నీటిలో పిండరాదు, ఒడ్డున నేల మీద పిండాలి. అప్పుడు చెప్పేది ‘యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః, తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్’ అని. మన వంశంలో పుట్టి, సంతానం లేక, తర్పణం వదిలేవారు లేక వెళ్ళిపోయినవారు ఈ బట్ట నుండి కారే నీటిని స్వీకరించుగాక అని. ఏ మేనత్తో, పెళ్ళి కాకుండానే పోయిన ఏ చినతాతో, పేరు కూడా మనకు అందని మరెవరో, మన పంచె అంచు నుండి ఇసుకలోకి జారే ఆ నాలుగు చుక్కల కోసం ఆ ఒడ్డున ఎదురుచూస్తుంటారని పెద్దల నమ్మకం.