మానిటర్ మీద 70, మనిషిలో 59

శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను జనరల్ వార్డు నుంచి ఐసీయూకి మార్చినప్పుడు మందుల గురించి, సూదుల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా మానిటర్ గురించే. ఎర్ర గీత ఆర్టీరియల్ లైన్‌ది, అంటే ధమనిలో పెట్టిన సన్న గొట్టం చూపించే బీపీ. నీలం గీత సీవీపీది, అంటే గుండెకు తిరిగొచ్చే పెద్ద సిరలోని ఒత్తిడి. పక్కన అంకెలు. గంటగంటకూ చార్టులో రాయాలి. మొదటి నెలంతా నేను చేసింది అదే: తెర మీద ఉన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించడం.

మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఒకరోజు నా చేతిలోంచి పెన్ను తీసుకుని, "ముందు అల చూడమ్మా, తర్వాత అంకె రాద్దువు" అన్నారు. గొట్టంలోని ఒత్తిడిని కొలిచి మానిటర్‌కు పంపే ట్రాన్స్‌డ్యూసర్ దగ్గర, గొట్టంలోకి సెలైన్‌ను ఒత్తిడితో వదిలే ఫ్లష్ తోకను లాగి వదిలారు. తెర మీద గీత నిటారుగా పైకి లేచి, కాసేపు బల్లపరుపుగా నిలిచి, కిందికి పడి, ఒకటి రెండు సార్లు ఊగి సర్దుకుంది. అలా ఉంటే గొట్టం బాగున్నట్టు. ఊగకుండా నీరసంగా దిగితే లోపల గాలి బుడగో, గడ్డకట్టిన రక్తమో, మణికట్టు దగ్గర మడతో ఉంటుంది. అప్పుడు పై బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అదే పనిగా ఊగుతూ ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండింటిలోనూ పెద్దగా చెదరనిది మీన్ ప్రెషర్, అంటే సగటు బీపీ. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో 65 దగ్గర నిలపాలని మేము చూసుకునేది ఆ అంకెనే.

ఇది వచ్చేసింది కాబట్టి మానిటర్ చదవడం వచ్చేసిందనుకున్నాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన ఒక కొబ్బరి రైతు దగ్గర నా నమ్మకం తలకిందులైంది.

ఆయన కిడ్నీ రోగి, డయాలసిస్ మీద ఉన్నారు. న్యుమోనియా ముదిరి షాక్‌లోకి వెళ్లారు. ఎడమ చేతికి డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉంది, ఆ చేతికి బీపీ కఫ్ కట్టకూడదు. కుడి మణికట్టులో ఆర్టీరియల్ లైన్, సీవీపీ కోసం మెడ సిరలో సెంట్రల్ లైన్. ఉదయం డ్యూటీకి రాగానే రెండింటినీ జీరో చేశాను. మీన్ 66. పదింటికి దుప్పటి మార్చడానికి బెడ్డును ఎత్తాం. ట్రాన్స్‌డ్యూసర్లు ఉన్నది బెడ్డుకు కాదు, పక్కనున్న స్టాండుకు. పని అయ్యాక బెడ్డును దించడం మరిచాం.

పదిన్నరకు మీన్ 77. అందరికీ సంతోషం. బీపీని నిలబెట్టే మందు నార్‌అడ్రినలిన్‌ను తగ్గించుకుంటూ వచ్చాం. ఒంటిగంటకు మీన్ 70, సీవీపీ 15. డయాలసిస్ మనిషి, పైగా సీవీపీ 15, ఇక ఒక్క చుక్క సెలైన్ కూడా వద్దని అనుకున్నాం. ఉద్దానం రోగి అనగానే నీళ్లు ఎక్కువైపోతాయన్న భయం మాలో ముందే ఉంటుంది. ఆ భయానికి కారణం ఉంది, కానీ అది అంకెను ప్రశ్నించకుండా చేస్తుంది.

ఆయన భార్య చెప్పకపోతే ఇంకెంతసేపు అలా ఉండేవాళ్లమో. "అమ్మా, పొద్దుటికంటే కాళ్లు చల్లబడ్డాయి, మోకాళ్లు చూడండి" అంది. దుప్పటి తీశాను. రెండు మోకాళ్ల మీద ఊదారంగు వల పరిచినట్టు మచ్చలు. చూపుడువేలి కొసను 10 సెకన్లు నొక్కి వదిలాను. 3 సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. నేను ఆరు లెక్కపెట్టాను. అప్పుడే వచ్చిన రిపోర్టులో, ఒంటికి రక్తం సరిగా అందకపోతే పెరిగే లాక్టేట్ ఉదయం 2.6 ఉన్నది 4.4 అయింది. మూత్రం చూద్దామంటే ఆయనకు ముందే రాదు.

ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చి మానిటర్ వైపు చూడనే లేదు. ఆయన చొక్కా పక్కకు తీసి, నాలుగో పక్కటెముకల సందు దగ్గర, ఛాతీ ముందు వెనుకలకు సరిగ్గా మధ్యన మార్కర్‌తో అడ్డంగా చిన్న గీత గీశారు. గుండె ఎత్తు అది. ట్రాన్స్‌డ్యూసర్ అంతకు కింద ఉంది. టేపుతో కొలిస్తే 15 సెంటీమీటర్లు.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో పునాది మట్టం చూడటానికి పారదర్శక పైపులో నీళ్లు నింపి ఒక కొస నాకిచ్చేవాడు. కొస ఎత్తినా దించినా నీళ్లు వాటి మట్టాన్నే వెతుక్కునేవి. ఆర్టీరియల్ లైన్ కూడా అలాంటి నీళ్ల పైపే. ట్రాన్స్‌డ్యూసర్ కిందికి జారితే పైనున్న నీటి బరువు కూడా రక్తపోటులో కలిసిపోతుంది. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి ప్రతి 10 సెంటీమీటర్లకు దాదాపు 7.4 మిల్లీమీటర్ల తేడా. 15కి 11. జీరో చేయడమంటే గాలి ఒత్తిడిని సున్నాగా లెక్కపెట్టమని యంత్రానికి చెప్పడం. ఎత్తు సంగతి అది చూసుకోదు. ఈ రెండూ ఒకటేననుకున్నాను నేను.

ట్రాన్స్‌డ్యూసర్లను గీత దాకా ఎత్తాం. మీన్ 59. సీవీపీ 4.

మందు వెంటనే పెంచారు. సీవీపీ 4 కదా, సెలైన్ పెట్టేద్దామా అని నేను అడిగితే డాక్టర్‌గారు వద్దన్నారు. సీవీపీ తక్కువైనంత మాత్రాన సెలైన్‌కు గుండె స్పందిస్తుందని కాదట. గుండె మీద ఎకో (గుండె స్కానింగ్) ప్రోబ్ పెట్టి, బెడ్డు మోటారుతోనే తల దించి, కాళ్లు 45 డిగ్రీలు ఎత్తించారు. కాళ్లలోని రక్తం సుమారు 300 మిల్లీలీటర్లు గుండె వైపు వస్తుంది, దించితే వెనక్కి పోతుంది. బయటి నుంచి ఒక్క చుక్కా ఎక్కించకుండా చేసే పరీక్ష. డయాలసిస్ రోగికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. నిమిషంలోపే గుండె పంపే రక్తం స్పష్టంగా పెరిగింది, 10 శాతం దాటితే చాలట. అప్పుడు 250 మిల్లీలీటర్లు, మళ్లీ చూసి ఇంకో 250, అంతే. బెడ్డు కదిలిన ప్రతిసారీ నేను స్టాండు దగ్గరికి పరుగెత్తి ట్రాన్స్‌డ్యూసర్‌ను గీతతో సరిచూశాను. సాయంత్రానికి మోకాళ్ల మచ్చలు పలచబడ్డాయి, లాక్టేట్ 3కి దిగింది.

తర్వాతి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్ననడిగి రెండు మీటర్ల లెవెల్ పైపు తెచ్చుకున్నాను. సగం దాకా రంగునీళ్లు నింపి రెండు కొసలకూ మూతలు పెట్టి మా ఐసీయూలో తగిలించాం. మూతలు తీసి ఒక కొస ఛాతీ మీది గీత దగ్గర, ఒక కొస స్టాండు దగ్గర పట్టుకుని, రెండు వైపులా నీటి మట్టం చూస్తే చాలు. డ్యూటీ మారినప్పుడు, బెడ్డు కదిలినప్పుడు ఇద్దరం పట్టుకుని చూస్తాం.

ఆయన ఆరో రోజున నార్‌అడ్రినలిన్ నుంచి బయటపడ్డారు. వార్డుకు మార్చే రోజు ఆయన భార్య ఒళ్లు తుడుస్తూ పక్కటెముకల మీది నల్లగీత దగ్గర ఆగింది. "ఇది ఏమిటమ్మా, ఎంత తుడిచినా పోవడం లేదు?" అని అడిగింది. ఆయన గుండె ఏ ఎత్తులో ఉందో తెలియడానికి పెట్టుకున్న గుర్తని చెప్పాను. ఆమె ఇక దాన్ని రుద్దలేదు. చొక్కా కిందికి లాగి గుండీ పెట్టింది.