ప్రతిపదార్థం అంటే మా నాయనకి పద్యం గుర్తొచ్చింది

పోయిన జూన్‌లో తిరుపతికి పోయినప్పుడు జరిగింది ఇది, రాసి పెట్టుకోకపోతే మర్చిపోతానేమో అని రాస్తున్నా. మేముండేది చికాగో పక్కన అరోరాలో. మా అబ్బోడికి పదకొండేళ్ళు, ఎడమ చేతి వాటం. అక్కడ దాని గురించి ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు, మేమూ మార్చాలని ఎప్పుడూ చూడలేదు.

బైరాగిపట్టెడలో మా ఇంటి ముందరికి పొద్దున్నే పూలామె వస్తుంది. మాయమ్మ వీడి చేతికి డబ్బులిచ్చి రెండు మూరలు తెమ్మని పంపింది. వీడు ఎడమ చేత్తో నోటు చాపినాడు, ఆమె తీసుకోలేదు. "బోణీ నాయనా, కుడి చేత్తో ఇయ్యి" అనింది, కోపంగా ఏం కాదు, నవ్వుతానే అనింది. వాడు చెయ్యి మార్చి ఇచ్చేసి లోపలికొచ్చినాడు కానీ ఆ పొద్దంతా ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యలేదు. మధ్యాహ్నం మాయమ్మ ఏమీ అనకముందే కుడి చేత్తో సంకటి ముద్ద తుంచుకోలేక తుంచుకుంటా కూర్చున్నాడు. నాకు కడుపులో దేవేసినట్టయింది. పూలామెది తప్పని నేననను, నేనూ ఆ పట్టింపుల్లోనే పెరిగినా, ఇప్పటికీ ఎడమ చేత్తో డబ్బులివ్వాలంటే నాకు చెయ్యి రాదు. కానీ వాడికి ఉండే చెయ్యి అదే కదా.

రాత్రి మిద్దె మీద చాపలేసుకుని పడుకున్నాం, ఎదురుగా కొండ మీద ఘాట్ రోడ్డు లైట్లు కనిపిస్తున్నాయి. వాడి మనసు మళ్ళించాలని నేను ఎస్వీయూలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు విన్న ఒక కథ ఎత్తుకున్నా. ఫైన్‌మన్ అనే ఫిజిక్స్ ఆయన 1960ల మొదట్లో క్లాసులో చెప్పిన కథ అది. ఎక్కడో దూరంగా వేరే గ్రహం మీద తెలివైన వాళ్ళున్నారు, వాళ్ళతో మాటలు మాత్రమే కుదురుతాయి, బొమ్మ పంపలేం. కుడి అంటే ఏది, ఎడమ అంటే ఏది అని వాళ్ళకి ఎట్ల చెప్తావు? గుండె ఉండే పక్క అంటే వాళ్ళ గుండె ఏ పక్కనుందో మనకి తెలీదు. 1957 దాకా దీనికి జవాబు లేదు. చియెన్ షియుంగ్ వూ అనే ఆమె కోబాల్ట్ పరమాణువుల్ని బాగా చల్లబరిచి, ఒకే వైపు తిరిగేటట్టు పెట్టి చూస్తే, వాటిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లు రెండు పక్కలా సమానంగా రాలేదు, ఒక పక్కకే ఎక్కువగా పొయినాయి. అంటే ప్రకృతికే కుడి ఎడమ తేడా తెలుసు, ఆ ప్రయోగం చెయ్యమని వాళ్ళకి చెప్తే సరిపోతుంది. అయితే వాళ్ళు మన పదార్థానికి తిరగేసిన రూపమైన యాంటీమ్యాటర్‌తో అయినవాళ్ళయితే అంతా తిరగబడి, మనం కుడి అనింది వాళ్ళు ఎడమ అనుకుంటారు. ఎప్పుడన్నా ఎదురుపడి ఆ గ్రహం ఆయన షేక్‌హ్యాండ్‌కి ఎడమ చెయ్యి చాపినాడంటే ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఇద్దరూ మాయం. ఒక గ్రాముకి ఒక గ్రాము కలిసినా హిరోషిమా బాంబుకి దాదాపు మూడింతలు.

వాడు లేచి కూర్చున్నాడు. నిజంగా అట్లాంటి మనుషులు ఉండొచ్చా, వాళ్ళకి మెదడు పనిచేస్తుందా అని ఒకటే ప్రశ్నలు. ఇదంతా ఇంగ్లీషులోనే నడుస్తా ఉండాది. పక్క చాప మీద నుంచి మా నాయన, "ఏందమ్మా, అమ్మా కొడుకూ ఇంతసేపు మాట్లాడుకుంటుండారు, నాక్కూడా చెప్పరాదా" అన్నాడు.

అప్పుడు తగిలింది నాకు. పదకొండేళ్ళుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాం అని నేను అందరికీ చెప్పుకుంటా వచ్చినా, కానీ వాడితో నా తెలుగంతా తిను, తాగు, పడుకో, చలి పెడ్తుంది కోటేసుకో, ఇంతే. నక్షత్రాల దగ్గరికి వచ్చేసరికి నాకే తెలీకుండా ఇంగ్లీషులోకి దిగిపోతా. వాడికి తెలుగంటే అన్నం భాష అయిపోయింది, ఆలోచన భాష కాలేదు, అది వాడి తప్పు కాదు.

సరే అని మొదట్నుంచీ తెలుగులో ఎత్తుకున్నా. "యాంటీమ్యాటర్ అంటే ప్రతిపదార్థం నాయనా" అన్నా. మా నాయన హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేసి రిటైరైనాడు. "ప్రతిపదార్థమా? పద్యానికి రాస్తామే, అదా?" అన్నాడు. కాదు, ప్రతి పదానికి అర్థం కాదు, పదార్థానికి ప్రతి అని విడదీసి చెప్పినా. ఎలక్ట్రాన్‌కి పాజిట్రాన్, బరువు అంతే, ఛార్జ్ మాత్రం తిరగబడింది. డిరాక్ అనే ఫిజిక్స్ ఆయన 1928లో రాసిన సమీకరణంలోంచి వచ్చింది, 1932లో ఆండర్సన్ కంటికి చూపించినాడు. అట్లాంటి కణాలతోనే నీళ్ళూ రాళ్ళూ నెత్తురూ అన్నీ కడితే అవి మన నీళ్ళ మాదిరే ఉంటాయి, మరుగుతాయి, గడ్డకడతాయి. 2016లో సెర్న్ అనే కణాల పరిశోధన కేంద్రం వాళ్ళు ప్రతి-హైడ్రోజన్ వెలుగుని కొలిచి చూస్తే మామూలు హైడ్రోజన్ రంగే వచ్చింది. రసాయనం అంతా అదే అయినప్పుడు మెదడు మాత్రం ఎందుకు పనిచెయ్యదు? వాళ్ళకి వాళ్ళే మామూలు మనుషులు, ప్రతి మనుషులం మనం.

మా నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అయితే పద్యం ప్రతిపదార్థం మాదిరే ఉందమ్మా ఇది కూడా. మాట తర్వాత మాట అన్నీ మార్చేస్తాం, భావం అట్లనే నిలబడుతుంది. కానీ మాటలు మారినాక యతి ప్రాసలు నిలబడవు కదా, మీ దాంట్లో అట్లాంటి లోటు ఏమీ రాలేదా?"

నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా. ఆ లోటు వచ్చింది 1964లో. క్రోనిన్, ఫిచ్ అని ఇద్దరు, కేయాన్లు అనే కణాల్ని చూస్తే, కణాలన్నీ ప్రతి-కణాలుగా మార్చి, కుడి ఎడమలు కూడా మార్చినా లెక్క పూర్తిగా సరిపోలేదు, రవ్వంత తేడా ఉండిపోయింది. కేయాన్లలో ఎక్కువ సేపు బతికే రకం విరిగిపొయ్యేటప్పుడు ఎలక్ట్రాన్ల కంటే పాజిట్రాన్లు కొంచెం ఎక్కువ వస్తాయి, వెయ్యిలో మూడు తేడా. అంటే ఫైన్‌మన్ కథలో ఆ గ్రహం ఆయన్ని ముట్టుకునే పని లేకుండానే అడగొచ్చు, నీ దగ్గర ఎక్కువ వచ్చే కణం మీ పరమాణువు బయట తిరిగేదేనా అని. అవును అన్నాడంటే చేతులు వెనక్కి పెట్టుకోవాల్సిందే. పద్యం మాత్రమే తెలిసిన మనిషి ఆ లోటు ఉండాలని పట్టేసినాడే అని నేను ఇప్పటికీ అనుకుంటా ఉంటా.

అబ్బోడికి మాత్రం వాళ్ళు యాడున్నారో కావాల. ఉండొచ్చు గానీ దగ్గర్లో లేరని చెప్పినా. గెలాక్సీల మధ్య కూడా పల్చగా గ్యాస్ ఉంటుంది, మన పదార్థం వాళ్ళ పదార్థం కలిసే అంచు ఉంటే అక్కడ గామా కిరణాలు వెలగాల, అట్లాంటివి కనిపించలేదు. మొదట్లో రెండూ దాదాపు సమానంగా పుట్టి ఒకదాన్నొకటి మింగేసి, వంద కోట్లకి ఒకటి చొప్పున మిగిలిందే మనమంతా. ఎందుకు మిగిలిందో ఇంకా ఎవరికీ తేలలేదు, కేయాన్ల తేడా ఒక్కటే దానికి సరిపోదు.

"మరి తాతకి తెలుసా పాజిట్రాన్లు, తాత లోపలే ఉండినాయి" అన్నా. పోయినేడు మద్రాసులో మా నాయనకి పెట్ స్కాన్ తీసినారు. చక్కెరకి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఎక్కిస్తారు, అది పాజిట్రాన్లని వదుల్తుంది, అవి ఒంట్లో ఎలక్ట్రాన్లని తాకి మాయమై రెండు కిరణాలుగా చెరో పక్కకి పోతాయి, మిషను వాటినే పట్టుకుంటుంది. అబ్బోడు తాత ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసినాడు. ఎడమ చెయ్యి. పొద్దున్నుంచి జేబులోంచి అది బయటికి రావడం అదే మొదటిసారి.

అప్పుడే ఇంకోటి కూడా చెప్పినా వాడికి. మన ఒంట్లో మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలతో కట్టింది, వాటిలో కుడి రకం ఎడమ రకం అని రెండుంటాయి, భూమ్మీద ప్రాణులన్నీ దాదాపుగా ఎడమ రకంతోనే కట్టుకున్నాయి అని. "పూలామె కూడానా?" అన్నాడు. పూలామె కూడా.

అరోరాకి వచ్చినాక శనివారాలు తాతతో వీడియో కాల్ పెట్టినాం, వారానికొక పద్యం, ప్రతిపదార్థం వాడే చెప్పాల, బదులుగా తాతకి ఒక ఫిజిక్స్ సంగతి, అది కూడా తెలుగులోనే. పోయిన వారం తాత వాట్సాప్‌లో అడిగినాడు, అన్నిటికీ ప్రతి ఉంటే మరి వెలుగుకి ప్రతి ఏంది అని. వాడు నన్ను అడక్కుండా తెలుగు కీబోర్డు పెట్టుకుని చానాసేపు టైపు చేసినాడు: "వెలుగుకి ప్రతి వెలుగె తాత". తాత ఆ గె కి దీర్ఘం పెట్టమని తిరిగి పంపినాడు.