తీగకు పట్టని గాంధారం

బరంపురంలో పదేళ్ళ వయసున నన్ను పాటకు చేర్చినప్పుడు మా మాస్టారు తొలి నెలంతా ఒక్క గీతమైనా చెప్పకుండా తంబూరా ముందు కూర్చోబెట్టారు. నాలుగు తీగల్లో మొదటిది మంద్ర పంచమం (కింది స్థాయి ప), నడిమి రెండూ షడ్జం (స), చివరిది మంద్ర షడ్జం (కింది స్థాయి స). తీగకూ, అది ఆనే చెక్కకూ మధ్య దూర్చిన దారప్పోగును ఆయన గోటితో వెంట్రుకవాసి జరిపేవారు; అది సరైన చోట నిలవగానే అంతవరకు టంగుమన్న తీగ జుమ్మని మోగేది. శ్రుతి చక్కగా కలిసిన రోజున, ఏ తీగకూ పట్టని గాంధారం (గ) ఒకటి ఆ నాదంలోంచి తేలి వచ్చేది. దానిని స్వయంభూ గాంధారం అంటారు. మంద్ర షడ్జపు తీగలో మూల కంపనంతో పాటు దానికి అయిదు రెట్ల వేగం గల కంపనం కూడా ఉండడం వల్ల అది పుడుతుంది. పంచమం కాస్త దిగినా నాదం గరగరలాడి ఆ గాంధారం మరుగున పడుతుంది. పాశ్చాత్యుల వలె పలు గొంతులు వేర్వేరు స్వరాలను ఒకేసారి పలికే పద్ధతి మనకు లేదు కనుక మన సంగీతంలో హార్మొనీయే లేదనడం, నా మట్టుకు, తంబూరాను లెక్కలోకి తీసుకోకుండా అన్న మాట.

షడ్జానికి పంచమం సంవాది, అంటే దానితో ఇంపుగా కలిసే స్వరం, అని శాస్త్రం చెబుతుంది. షడ్జం రెండుసార్లు కంపించే వ్యవధిలో పంచమం మూడుసార్లు కంపిస్తుంది. (ఇప్పుడు మనం సంవాదం అనే మాటను వాదులాటకే ఎక్కువగా వాడుతున్నాము.) అయితే వివాదిని, అంటే అలా పొత్తు కుదరని స్వరాన్ని, మన వారు వెలివేయలేదు. 72 మేళకర్తలలో (మూల రాగాలలో) 40 వివాది మేళాలే. వివాది స్వరమైన షట్శ్రుతి రిషభం గల నాట రాగంతో ఎన్నో కచేరీలు మొదలవుతాయి.

మనుషుల విషయంలో తెలుగువారు ఇంత శాస్త్రం చెప్పరు, "వాళ్ళిద్దరికీ పొసగదు" అని ఊరుకుంటారు. పొసగడం అంటే ఏమిటో నేను మా పెదనాన్నగారి గుంటమగ్గం దగ్గర చూశాను. పట్టుచీర నడిమి భాగానికి ఒక నాడె (పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ నడిపేది), రెండు అంచులకు చెరొక నాడె ఆడుతుంటే, ప్రతి వరుసలోనూ అంచు పేక నడిమి పేకను మెలివేసుకొని వెనక్కు మళ్ళాలి. బిగిస్తే ముడత పడుతుంది, వదిలేస్తే సందు కనిపిస్తుంది. పెదనాన్న ఆ అతుకును కళ్ళతో చూసేవారు కాదు, చూపుడువేలితో తడిమేవారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడినా, ఇక్కడి తెలుగు ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి. ఏడాది విడిచి ఏడాది చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో ఊరి అమ్మవారు పుట్టింటికని దేశిబెహెరా వీధికి వస్తుంది. ఆ పుట్టిల్లు తెలుగు మాట్లాడే నేతవారిది.

మా ఇంటికి మాత్రం ఈ పొందిక అంత సులువుగా రాలేదు. మా వదిన ఒడియా వారి అమ్మాయి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారిని మెప్పించాలని ఆమె తడబడుతూ తెలుగు మాట్లాడేది. కోడలికి కష్టం కలగకూడదని అమ్మ అంతకన్నా తడబడుతూ ఒడియా మాట్లాడేది. మర్యాదకు లోటు లేదు, ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. ఒక వేసవి మధ్యాహ్నం వదిన చేసిన పఖాళను చూసి అమ్మ, "ఇది మా తరవాణి అన్నమే కదటే!" అని తెలుగులో అనేసింది. వదిన ఒడియాలో ఏదో గట్టిగా బదులిచ్చింది, ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటి నుంచి అమ్మ తెలుగులోనే అడుగుతుంది, వదిన ఒడియాలోనే జవాబు చెబుతుంది. అలకలు ఇప్పటికీ ఉన్నాయి, కానీ అవి ఎవరి భాషలో వారు పడే అలకలు.

మా అన్నయ్య కూతురికి నాలుగేళ్ళు. నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి, "నానమ్మా, మో చెప్పులు ఏవి?" అని అడిగింది. ఒడియాలో 'మో' అంటే 'నా'. ఆ మాట దానికి అమ్మా నేర్పలేదు, వదినా నేర్పలేదు.