19 నిండేలోపు ఇన్‌హేలర్ లెక్క పిల్లల చేతికివ్వండి

ఇంగ్లండ్‌లో పెరిగే మన పిల్లలకు మందుకు డబ్బు కట్టాలన్న సంగతే తెలియదు. 16 ఏళ్లలోపు ఉచితం. 16 నుంచి 18 వరకు ఫుల్‌టైమ్ చదువులో ఉంటే అప్పుడూ ఉచితమే. 19 నిండిన రోజు నుంచి, యూనివర్సిటీలో చదువుతున్నా సరే, డాక్టరు చీటీలోని ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. 2024 మే 1న వచ్చిన ధర ఇది. ఇల్లు వదిలి, డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టే వయసులో ఈ ఖర్చు నెత్తిన పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు ముందే మేలుకోవాలి.

జబ్బును బట్టి మందులు ఉచితంగా ఇచ్చే జాబితా ఒకటుంది. అది 1968 నాటిది. మందులు వాడే షుగర్, థైరాయిడ్ లోపం, ఫిట్స్ లాంటివి అందులో ఉన్నాయి. 2009లో క్యాన్సర్‌ను చేర్చారు. ఉబ్బసం లేదు, బీపీ లేదు. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లాండ్ 2010లో, స్కాట్లాండ్ 2011లో జబ్బేదని అడగకుండా అందరికీ రుసుము ఎత్తేశాయి. ఇంగ్లండ్ కూడా ఎత్తేయాలి. వీసా కోసం ప్రభుత్వ వైద్యానికని హెల్త్ సర్‌చార్జి (చాలామంది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు) కట్టినవాళ్లు కూడా ఫార్మసీలో మళ్లీ కట్టాల్సిందే.

డబ్బుకు వెనకాడినప్పుడు ముందుగా మానేసేది రోజూ పీల్చాల్సిన గోధుమరంగు ఇన్‌హేలర్‌ని. పీల్చిన వెంటనే తేడా ఏమీ తెలియదు కాబట్టి అనవసరం అనిపిస్తుంది. నిజానికి ఊపిరిగొట్టాల వాపును తగ్గించేది అదే. నీలిరంగుది గొట్టాలను కాసేపు వదులు చేస్తుంది, వాపును ముట్టుకోదు. వారంలో మూడుసార్లో అంతకన్నా ఎక్కువో నీలిది కావాల్సి వస్తోందంటే ఉబ్బసం అదుపులో లేనట్టే. 12 ఏళ్లు దాటినవాళ్లకు రెండు పనులూ చేసే ఒకే ఇన్‌హేలర్‌ను 2024 నవంబర్ మార్గదర్శకాలు సూచించాయి. మీ జీపీని, అంటే మీరు పేరు నమోదు చేసుకున్న డాక్టరును, అడగండి. జబ్బుకూ మంచిది, రెండు మందుల రుసుము ఒకటవుతుంది.

మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. గోధుమరంగు ఇన్‌హేలర్‌లో ఉండేది స్టెరాయిడ్, ఆ మాటకే భయం. "పంపు అలవాటైపోతుంది", "నలుగురిలో తీయకు", ఆడపిల్లయితే "రేపు సంబంధాలకు ఇబ్బంది". పదేళ్లు ఈ మాటలు విన్న పిల్లకు 19 ఏళ్లప్పుడు డబ్బు కూడా అడ్డొస్తే మందు మానేయడం చాలా తేలిక. ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి పీల్చి, తర్వాత నోరు పుక్కిలిస్తే గొంతు బొంగురు, నోటిపూత చాలావరకు రావు. భయం ఉంటే ఈ పద్ధతి నేర్పండి, మందు మాన్పించకండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆస్తాలిన్ ఇన్‌హేలర్లు అరడజను తెప్పించుకోవడమూ ఉంది. ఇక్కడి నీలి ఇన్‌హేలర్‌లోని మందే, సాల్‌బుటమాల్. కానీ ఎన్ని వాడుతున్నారో ఇక్కడి రికార్డులో పడదు. నెలకో నీలి ఇన్‌హేలర్ అయిపోతోందని చూసి పిలిపించాల్సిన జీపీకి విషయమే తెలియదు. డబ్బాలో 200 పీల్పులు ఉంటాయి. చాలా వాటికి లెక్క చూపే కౌంటర్ ఉండదు. నీళ్లలో వేసి తేలుతుందా అని చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాయించండి.

13 నిండాక పిల్లలు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో సొంత ఖాతా తెరవొచ్చు. రిపీట్ మందులు వాళ్లనే అడగనివ్వండి, అయిపోవడానికి వారం ముందే. 19 దగ్గరపడగానే, ఒక్కో మందుకు కాకుండా మొత్తానికి ఒకే రుసుము కట్టే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ చూడండి: ఏడాదికి 114.50 పౌండ్లు, పది వాయిదాల్లో కట్టొచ్చు. ఏడాదిలో 12 మందులు తీసుకుంటే అప్పటికే లాభం. మూడు నెలలది 32.05, నాలుగో మందుకు గిట్టుతుంది. నెల వెనకటి నుంచి వర్తించేలా తీసుకునే వీలుంది, కానీ ఈలోపు డబ్బు కట్టినట్టయితే అక్కడికక్కడే ఎఫ్‌పీ57 రసీదు అడగాలి. తర్వాత అడిగితే ఇవ్వరు. రసీదుతో మూడు నెలల్లోపు డబ్బు వెనక్కి వస్తుంది. అలవాటుకొద్దీ "ఉచితం" అని టిక్ పెడితే మందు ధర కాక 100 పౌండ్ల దాకా జరిమానా. ఆదాయం తక్కువైతే, పొదుపు 16,000 పౌండ్లు దాటకపోతే, రుసుములో సాయం కోసం హెచ్‌సీ1 ఫారం నింపమనండి.

వేల్స్‌లోని కార్డిఫ్‌లోనో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలోనో సీటొస్తే మొదటి వారంలోనే అక్కడి జీపీ దగ్గర పేరు నమోదు చేయించండి. అక్కడి చీటీ, అక్కడి ఫార్మసీ అయితేనే ఉచితం. అదే చీటీ సెలవులకు వచ్చి బర్మింగ్‌హామ్‌లో ఇస్తే 9.90 కట్టమంటారు. అందుకే క్రిస్మస్ సెలవులకు రైలెక్కే ముందే ఇన్‌హేలర్ తీసుకుని బ్యాగులో పెట్టుకోమని గుర్తుచేయండి.